మూడు సెకన్లు ముందే తెరుచుకున్న మిషన్

పాఠకులారా, గేమ్ మిషన్ కొన్నవాడు దానితో ఆటలాడటం ఎంత తెలివితక్కువ పని! నమ్మకపోతే ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు ఫిట్టర్ కిరణ్‌కుమార్‌ని అడగండి. ఆటలు చిన్నపిల్లలకి. నలభై ఏళ్లొచ్చిన మనిషికి ప్రాసెసర్ ముఖ్యం.

చేతిలో పట్టుకుని ఆడే ఆ మిషన్‌నే కంపెనీవాళ్లు కొన్నాళ్లకోసారి కాస్త మార్చి మళ్లీ అమ్ముతారు. పైన డొప్ప అదే, బటన్లు అవే, ఆటలూ అవే. లోపల ప్రాసెసర్ మాత్రం కొంచెం సన్నబడుతుంది. దీన్ని మోసమనే అజ్ఞానులున్నారు. మోసం కాదండీ, మహోపకారం! ఇంట్లో ఒకటే మిషన్ ఉంటే మనిషి దేన్ని దేనితో పోల్చుకుని బతకాలి?

కిరణ్‌కుమార్ దగ్గర పాత రకం ఉంది. కొత్త రకం వచ్చిందని తెలియగానే సైకిలెక్కి ప్రేమ్ బజార్లో సాయినాథ్ కొట్టుకు పరిగెత్తాడు. కాలేజీ కుర్రాళ్లకు చార్జర్లూ హెడ్‌ఫోన్లూ అమ్ముకునే సాయినాథ్‌ది భీమవరం వైపు. మనిషి మరీ పాతకాలం.

"ఇందులో ఏ గేమ్ ఎక్కించి ఇమ్మంటారండీ?" అని అడిగాడు.

"గేమెందుకు? పాతదానికన్నా ఎంత ఫాస్టో సూడాల!" అన్నాడు కిరణ్‌కుమార్. సాయినాథ్ డబ్బా కవర్లో పెట్టి ఇచ్చేశాడు.

ఆ రోజుతో రైల్వే క్వార్టర్ కాస్తా టెస్టింగ్ షెడ్ అయిపోయింది. ఒకే ఆటని రెండు మిషన్లలో ఒకేసారి ఆన్ చేయడం, స్టాప్‌వాచ్ నొక్కడం, నోట్‌బుక్‌లో ఎక్కించడం. బోగీ ఇరుసు వేడెక్కిందో లేదో చూసే టెంపరేచర్ గన్‌లాంటిది ఒకటి కొని తెచ్చి మిషన్ల వీపుకి గురిపెట్టడం. గాలి తగిలితే కొలత తప్పుతుందని మే నెలలో ఫ్యాన్ కట్టేయడం! తల్లి జోగమ్మ కొంగుతో విసురుకుంటూ ఓ మూల కూర్చునేది. ఆమె వేడి ఎన్ని డిగ్రీలో ఎవరూ కొలవలేదు. కొలిచి ఏం లాభం? ఆవిడ పాత రకమే కదా!

అయితే శాస్త్రానికి ఒక అడ్డంకి వచ్చింది. పాత మిషన్‌ని జోగమ్మ వాడుకుంటోంది. అరవై ఎనిమిదేళ్ల మనిషి, ఏమాత్రం మొహమాటం లేకుండా, అందులో ఆట ఆడుతోంది!

ఊళ్లు కట్టుకునే ఆట అది. జోగమ్మ తొమ్మిది నెలలు కూర్చుని అందులో తన పాత లైను కట్టుకుంది. లైనంటే, కాలం చేసిన భర్త దేముడు సర్వీసులో ఉండగా వాళ్లు ముప్పై ఏళ్లు కాపురమున్న క్వార్టర్ల వరస. రిటైరైనవాళ్లు క్వార్టర్ ఖాళీ చేయాల్సిందే కనుక ఒక్కొక్కరే కదిలిపోయారు. కొందరు పలాస, కొందరు ఊళ్లోనే ఇందా పేట, కొందరు ఏకంగా పైకి. జోగమ్మ ఇరవై రెండు ఇళ్లనీ మళ్లీ నిలబెట్టింది. చిలకమ్మ ఇంటి ముందు చెట్టు, ఏంజలిన్ గుమ్మంలో గులాబీలు, జగ్గారావు పెరట్లో మేక. చిన్నప్పుడు రైల్వే స్కూల్లో నేర్చుకున్న ఇంగ్లీషు అక్షరాలు వెతుక్కుంటూ ఇంటింటికీ పేరు కొట్టింది. ఈమధ్య సొంత కోడలు కళ్యాణినే అప్పుడప్పుడు "చిలకమ్మా" అని పిలుస్తోంది గానీ, రోజూ పొద్దున్నే తెరమీద ఆ లైను వెంట నడిచి పేర్లన్నీ పైకి చదువుకోవడం మాత్రం మానలేదు.

ఇలాంటి టైంపాస్ కోసం పరీక్ష ఆపుకుంటారా? వర్క్‌షాపులో ఒక పద్ధతుంది. ఓవర్‌హాలింగ్‌కి వచ్చిన బోగీలో సీట్లు, బెర్తులు, ఫ్యాన్లు అన్నీ పీకి ఉత్త డొల్ల చేశాకే పని మొదలవుతుంది. పదిహేనేళ్లుగా అదే చేసిన చేతులాయె! కొత్త మిషన్ ఖాళీ, పాతది నిండు. ఇక పోలికలో న్యాయమేముంది? ఆదివారం జోగమ్మ స్నానానికి వెళ్లగానే కిరణ్‌కుమార్ పాత మిషన్‌ని రీసెట్ కొట్టాడు. బోగీ చివర రాసినట్టు, వెనకాల ఓవర్‌హాలింగ్ తేదీ కూడా రాసి అంటించాడు.

ఫలితాలు వినండి! ఆట తెరుచుకోవడానికి పాతదానికి నలభై ఒక్క సెకన్లు, కొత్తదానికి ముప్పై ఎనిమిది. మూడు సెకన్లు ఆదా! రోజుకి మూడంటే ఏడాదికి పద్దెనిమిది నిమిషాలు! ఆ పద్దెనిమిది నిమిషాల్లో ఇంకో పరీక్ష పెట్టుకోవచ్చు. కిరణ్‌కుమార్ పొంగిపోయి ఫలితాలు ఆన్‌లైన్ గ్రూపులో పెట్టాడు. గంటలో జవాబు వచ్చింది: "దాదా, రెండింట్లో ఒకే మెమరీ కార్డు వాడారా? లేకపోతే చెల్లదు." చూశారా, విజ్ఞానం ఎలా ముందుకు పోతుందో!

అప్పుడే జోగమ్మ పాత మిషన్ పట్టుకుని వచ్చింది.

"ఒరే, నా లైను ఏదిరా? అంతా గడ్డే ఉంది."

"పోనాదమ్మా. టెస్టుకి ఖాళీ సెయ్యాల మరి. ఆటే గదా, కొత్తదాన్లో మళ్లీ కట్టుకో. మూడు సెకన్లు ముందే తెరుసుకుంటాది."

జోగమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే వాడికి బాగుండేది. కొత్త మిషన్ అందుకుంది. మాట ప్రకారం మూడు సెకన్లు ముందే పచ్చటి ఖాళీ నేల తెరుచుకుంది. చిలకమ్మ ఇల్లు పెట్టింది. ఏంజలిన్ ఇల్లు పెట్టింది. ఆగి ఆగి, పదో ఇంటిదాకా వచ్చింది. పదకొండో గుమ్మం దగ్గర వేలు నిలిచిపోయింది.

"ఇది ఎవులదిరా? నీకు జొరం వస్తే మూడ్రోజులు ఎత్తుకునే తిరిగినాది. ఆ మనిషి పేరేటి?"

"నీకు గుర్తులేదేటమ్మా?"

"గుర్తుండట్లేదనే గదరా అందులో ఎట్టుకున్నాను!"

కిరణ్‌కుమార్‌కి ఆ ఇంటి నీలం తలుపు గుర్తొచ్చింది. ఆవిడ చేతి బెల్లం అట్టు కూడా గుర్తొచ్చింది. పేరు మాత్రం రాలేదు. సిగ్గుతో తల వాలిపోయింది. అయినా ప్రతిదీ కొలిచి రాసుకునే మనిషి కదా, అలవాటు కొద్దీ నోట్‌బుక్ తెరిచాడు. పదకొండో పేజీలో, పాత మిషన్ వీపు వేడి నలభై ఆరు డిగ్రీలు అని ఉంది. పక్కనే ఎర్ర సిరాతో "ఫిట్" అని ఉంది.