ఎండుటాకు వరస

ఒక పెద్ద అడవిలో, పేరు చెబితే అక్కడివాళ్ళు నొచ్చుకుంటారు గనక చెప్పను, ఒక వాగు ఉండేది. వాగుకు ఇవతల మెరక. రాజుగారి గుహ, మంత్రుల గుహలు, నెమళ్ళ నాట్యశాల అన్నీ మెరక మీదే. అవతల పల్లం. కుందేళ్ళు, ముంగిసలు, అలుగులు, ముళ్ళపందులు, అంటే పనిచేసేవాళ్ళంతా పల్లంలో.

రెంటికీ మధ్య దగ్గరి దారి ఒక్కటే. ఎప్పుడో గాలివానకు వాగు మీద అడ్డంగా పడిన నల్లమద్ది మొద్దు. దాని మీద ఒకసారికి ఒక ఉడుత మాత్రమే పోగలదు. మెరక నుంచి పల్లానికి ఏ కబురు పోవాలన్నా ఆకు మీద గీసి ఇవ్వాలి, ఉడుత ఆ ఆకు నోట కరుచుకుని మొద్దు దాటాలి.

మొద్దుకు ఇవతలి కొసన కూర్చునేవాడు కంటకయ్య అనే ముళ్ళపంది. వచ్చిన ఆకును వచ్చినట్టు వీపు మీది ముల్లుకు గుచ్చించుకుంటాడు. ఉడుతలు ముందొచ్చింది ముందుగా లాక్కుపోతాయి. రాజుగారి ఆకైనా తొండగాడి ఆకైనా ముల్లు ఒకటే. పధ్నాలుగేళ్ళ సర్వీసులో అతని మీద ఒక్క ఫిర్యాదు లేదు.

కంటకయ్య కాపురం మాత్రం పల్లంలో, వాగు ఒడ్డున ఒక బొరియలో. భార్య మొలకమ్మ, ఇద్దరు పసికందులు. ఆ పిల్లలకు ముళ్ళింకా గడ్డిపరకల్లా మెత్తగా ఉన్నాయి. మొద్దు ఉడుతను మోస్తుంది గాని ముళ్ళపందిని మొయ్యదు. అందుకని వారానికోసారి కింద రేవుదాకా నడిచి, నీళ్ళు తక్కువున్న చోట దాటి ఇల్లు చూసుకుని వచ్చేవాడు. మిగతా ఆరు రోజులూ మొద్దు కొసన కూర్చుని అవతలి గట్టు వైపు చూస్తుండేవాడు.

ఎగువన రాతిమడుగులో బురదమ్మ అనే కప్ప ఉండేది. ఆమె రోజూ పొద్దున్నే పల్లానికి ఒక ఆకు పంపేది. దాని మీద ఒకటే మాట: "వాగు మామూలే." ఆరేళ్ళుగా అదే మాట. ఈపాటి దానికి ఒక ఆకు కూడానా అని మెరకవాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. కంటకయ్య ఎప్పుడూ నవ్వలేదు. ఒడ్డున ఇల్లున్నవాడికి ఆ మాట ఎంత తియ్యగా ఉంటుందో మెరక మీదివాళ్ళకేం తెలుసు.

అంతా సవ్యంగానే పోతున్న రోజుల్లో రాజుగారికి తేనె మీద మనసు పోయింది. పల్లంలోని ఎలుగుబంటికి కబురంపారు. ఆ ఆకు ముందు, మెరక మీద పనికి వచ్చిన ఒక కుందేలు తన అక్కచెల్లెళ్ళకు రాసుకున్న ఆకులు నాలుగున్నాయి. అవి దాటి, ఇది దాటి, తేనె వచ్చేసరికి రాజుగారికి తేనె మీద మోజు తీరిపోయింది. ఆ ఖాళీలోకి కోపం వచ్చి కూర్చుంది.

సభ కూడింది. సలహా చెప్పడానికి సూటయ్య అనే నక్క లేచాడు. ఈయన కొన్నేళ్ళు పట్నం జూలో ఉండి వచ్చాడు. బోనులో ఉన్నాడని కొందరంటారు, శిక్షణలో ఉన్నానని ఆయనంటాడు.

"లోపం మొద్దులో లేదు మహారాజా, వరసలో ఉంది," అన్నాడు సూటయ్య. "ఒకటే వరస అంటే అందరూ సమానమని అర్థం. బయటివాళ్ళు వింటే అడవి పరువేం కాను?"

కంటకయ్య వెనకనుంచి మెల్లగా అన్నాడు. "చిత్తం. కాని, ఇంకో మొద్దు పడేస్తే సరిపోతుందేమోనండి. ఏనుగుగారికి పూట పని."

సభంతా జాలిగా నవ్వింది. "మొద్దు వేస్తే పని అయిపోతుంది కంటకయ్యా," అన్నాడు సూటయ్య. "పథకం వేస్తే పని నడుస్తూ ఉంటుంది. నీకు ఆ తేడా తెలియదు."

పథకం తయారైంది. గురివింద గింజ అంటించిన ఆకు ఎరుపు: అత్యవసరం. తంగేడు రేకు అంటించింది పచ్చ: అవసరం. ఏ గుర్తూ లేనిది మామూలు. ఉడుతలు పదిసార్లు మొద్దు దాటితే అందులో ఏడు ఎరుపుకు, రెండు పచ్చకు, ఒకటి మామూలుకు. ఆ ఒక్కటీ ఎందుకంటే, పల్లంవాళ్ళను పూర్తిగా మరిచిపోయామన్న మాట రాకూడదని. ఆ పదో విడతకు చారలయ్య అనే ముసలి ఉడుతను వేశారు. ఆయన ఎలాగూ రిటైరయ్యే వయసులో ఉన్నాడు.

"మరి గుర్తు ఎవరు పెడతారండీ?" అన్నాడు కంటకయ్య.

"ఎవరి అవసరం ఎంతో వాళ్ళకే తెలుసు. ఎవరి గుర్తు వాళ్ళే పెట్టుకుంటారు. నమ్మకం ఉండాలయ్యా పాలనలో."

నక్క నోట నమ్మకం అనే మాట విన్నప్పుడే కంటకయ్య ముళ్ళు నిక్కబొడుచుకున్నాయి. ఉత్తర్వు ఆకు మీద రాజుగారి పంజా పడింది. అంతా సరిగ్గా ఉందో లేదో చూడటానికి ఒక కొండముచ్చును పక్కన కొమ్మ మీద కూర్చోబెట్టారు.

మొదటి రోజే తంటా వచ్చింది. ఒక కుందేలు ఏ గుర్తూ లేని ఆకు తెచ్చింది. కంటకయ్య తన వీపు మీది ముళ్ళలో మామూలు వరసకు కేటాయించినవి చూపించాడు.

"ఏం? నా ఆకు ఏ రంగు?" అంది కుందేలు.

"పచ్చ."

"ఉత్తర్వులో రెండో వరస ఏమని రాసుంది?"

కంటకయ్య చూశాడు. "పచ్చ" అనే ఉంది.

"మరింకేం? పచ్చటి ఆకు పచ్చ వరసలో పెట్టడానికి నీకేం నొప్పి?"

సూటయ్య పరుగున వచ్చాడు. పచ్చ అంటే పసుపుపచ్చ అన్నాడు. ఆకుపచ్చ కాదని ఎక్కడుందో చూపించమంది కుందేలు. ఎక్కడా లేదు. దిద్దుదామంటే అప్పటికే రాజుగారి పంజా పడింది. దిద్దితే రాజుగారు తప్పు చేసినట్టు, రాజుగారు తప్పు చెయ్యరు. కాబట్టి ఆకుపచ్చ కూడా పచ్చేనని కొండముచ్చు తేల్చేసింది. చెట్టునుంచి తెంపిన ప్రతి ఆకూ అవసరమైనదే అయింది.

అది విని మెరక భగ్గుమంది. కుందేళ్ళతో ఒకే వరసలో నిలబడాలా అని నెమళ్ళు గురివింద తీగల మీద పడ్డాయి. తోడేళ్ళు వాటి వెంట పడ్డాయి. వారం తిరక్కుండా "రాజుగారు ఆవలించారు" అన్న ఆకు ఎరుపు. "నెమలిగారింట్లో నాట్యం, కుదిరితే రాగలరు" ఎరుపు. "మొన్నటి ఆకు అందిందా?" ఎరుపు. "అందింది" కూడా ఎరుపే. కొందరు ఒక గింజ చాలదని మూడు గింజలు అంటించేవాళ్ళు. గురివింద తన నలుపు తానెరగదంటారు, ఇక్కడ పక్కవాడి ఎరుపు కూడా ఎరగడం మానేసింది.

మామూలు వరస మాత్రం ఖాళీ. గుర్తు లేకుండా, పచ్చగా కూడా లేకుండా ఉండేది ఎండుటాకు ఒక్కటే. ఎండుటాకు మీద కబురు పంపి పరువు తీసుకునేదెవరు? అయినా పదో విడత పదో విడతే. చారలయ్య తను కూర్చునే ఎండు టేకాకు మీదనుంచి లేచి, ఒళ్ళు దులుపుకుని, ఖాళీ నోటితో మొద్దు దాటి, ఖాళీ నోటితో తిరిగి వచ్చేవాడు. కొండముచ్చు కొమ్మ మీద ఒక గీత గీసేది.

"వట్టిగా తిరగడం దేనికి తాతా?" అని కంటకయ్య అడిగితే, "తిరక్కపోతే విడత మురిగిపోతుందట అబ్బీ," అనేవాడు చారలయ్య. "నడక మంచిదే లే. కీళ్ళు పట్టెయ్యకుండా ఉన్నాయి."

బురదమ్మ రోజువారీ ఆకు పచ్చ వరసలో ఇరుక్కుపోయింది. "వాగు మామూలే" అన్న మాట పన్నెండు రోజులు ఆలస్యంగా పల్లానికి చేరుతోంది. కంటకయ్యకు అన్నం సయించడం మానేసింది.

శ్రావణంలో ఒక పొద్దున, సన్నగా తుంపర పడుతుండగా, బురదమ్మే స్వయంగా గెంతుకుంటూ వచ్చింది. ఆయాసంతో గొంతు సంచీలా ఉబ్బి ఉంది. ఆమె ఆకు మీద కూడా గురివింద గింజ ఉంది. ఆరేళ్ళలో మొదటిసారి అందులో "మామూలే" అన్న మాట లేదు.

"ఎగువ కొండ మీద కుండపోత. మధ్యాహ్నానికి పల్లం మునుగుతుంది. అందరూ దిబ్బ ఎక్కండి."

కంటకయ్య రేవు వైపు చూశాడు. రేవు అప్పుడే నీళ్ళ కింద ఉంది.

"నువ్వే ఈదిపోరాదా బురదమ్మా?"

"ఆ వడిలో దిగితే నన్ను సముద్రం దాకా తీసుకుపోతుంది నాయనా."

గొంతు చించుకుని కేకేశాడు కంటకయ్య. వాగు హోరు ఆ కేకను మింగేసింది. సరిగ్గా అప్పుడే పచ్చ వరస ఉడుత ఒకటి ముల్లునుంచి ఆకు లాక్కుని మొద్దు ఎక్కింది. కంటకయ్య దాని మీది మాట చదివాడు. పన్నెండు రోజుల కిందటిది. "వాగు మామూలే." అది అవతలికి పోతుంటే చూస్తూ నిలబడ్డాడు.

"కొండముచ్చుగారూ," అన్నాడు. "ఈ ఆకు ముందు పంపించాలండి. నా పెళ్ళాం పిల్లలు అవతల ఉన్నారు."

కొండముచ్చు కిందికి దిగి ముళ్ళు లెక్కపెట్టింది. చెడ్డది కాదు, లెక్క తప్పనిది, అంతే. "ఎరుపులో ఇది నూట నలభై రెండోది. సాయంత్రానికి పోతుంది."

"ముందున్నవి ఆవలింతలూ నాట్యాలూనండీ."

"లోపల ఏముందో చూడటం నా పని కాదు కంటకయ్యా. రంగు చూడటమే. అవీ ఎరుపే, ఇదీ ఎరుపే. ఒక ఎరుపును ఇంకో ఎరుపుకు ముందు పెడితే రేపు నా ఉద్యోగం ఉండదు."

"పోనీ ఉడుత చేత నోటి మాటగా చెప్పిస్తే?"

"ఆకు లేని మాట పుకారు కింద లెక్క. ఉత్తర్వులో ఉంది."

కంటకయ్య నేల మీద కూలబడ్డాడు. ఎదురుగా చారలయ్య టేకాకు మీద కూర్చుని ఒళ్ళు నాక్కుంటున్నాడు. తొమ్మిదో విడత ఉడుత మొద్దు ఎక్కింది. తరువాతది ముసలాయన ఖాళీ నడక. చూస్తూ చూస్తూ కంటకయ్య లేచి కూర్చున్నాడు.

"అయ్యా, ఆకును పై వరసకు ఎక్కించడం నేరం కదండీ?"

"పెద్ద నేరం."

"కిందికి దించడమో?"

కొండముచ్చు ఉత్తర్వును ఇటు తిప్పింది, అటు తిప్పింది, వాసన కూడా చూసింది. "ఎక్కించమని అర్జీలు వచ్చాయిగాని దించమని ఇంతవరకు ఎవరూ అడగలేదు. దాని గురించి ఏమీ రాయలేదు. దించుకో, పోయేది నీ ఆకు పరువే."

కంటకయ్య గురివింద గింజ పీకేశాడు. పీకాక చూస్తే ఆకు పచ్చగా ఉంది. పచ్చ వరసలో ఐదు వందలున్నాయి. ఎండుటాకు కావాలి. ఆ తుంపరలో అడవంతా తడిసి ముద్దయి ఉంది, ఏ ఆకు పట్టుకున్నా చివికి చేతికొస్తోంది.

"తాతా, లేవండి," అన్నాడు.

"ఏమిటబ్బీ?"

"మీరు కూర్చున్న ఆకు కావాలి."

చారలయ్య లేచాడు. కంటకయ్య తన వీపునుంచి ఒక ముల్లు పీకి, నెప్పికి కళ్ళలో నీళ్ళు తిరిగినా ఆగకుండా, ఆ టేకాకు మీద బురదమ్మ మాటలు గీశాడు. ముసలాయన ఆకు నోట పట్టుకుని ఒక్క క్షణం తెల్లబోయి నిలబడ్డాడు. నెలల తరబడి ఖాళీగా నడిచిన నోటికి బరువు కొత్తగా ఉంది. తరువాత ఆ వయసులో ఎవరూ ఊహించని పరుగు తీశాడు. రోజూ ఊరికే నడిచిన కాళ్ళకు ఆ మొద్దు మీద ప్రతి గంటూ తెలుసు.

మధ్యాహ్నానికి వాగు పల్లంలోకి వచ్చింది. బొరియలన్నీ నిండాయి. లోపల ఒక్క ప్రాణి కూడా లేదు. చారలయ్య తిరిగి వస్తూ ఒక ఆకు తెచ్చాడు. దాని మీద మొలకమ్మ గీతలు: "పిల్లలూ నేనూ దిబ్బ మీద ఉన్నాం. మీరు పొద్దున్నుంచి ఏమన్నా తిన్నారా?" కంటకయ్య ఆ ఆకును ఏ ముల్లుకూ గుచ్చలేదు. రెండు చేతులా పట్టుకుని ఏడ్చాడు.

సూటయ్యకు కూడా పల్లంలో ఒక గుహ ఉంది, ఎవరికీ చెప్పనిది. అందులో ఎండబెట్టిన మాంసం ఉంది. వరద సంగతి చెవిన పడగానే ఆయన "సామాను పైకి చేర్చండి" అని ఐదు గింజలు అంటించి ఎరుపు వరసలో ఆకు పెట్టాడు. అది మర్నాడు చేరింది. అప్పటికి గుహలో వాగు కాపురం ఉంది. ఉత్తర్వు ప్రకారం ఉడుత ఆకును గడప దగ్గర నీళ్ళ మీద పెట్టి వచ్చింది.

వరద తీశాక సభ కూడింది. అత్యవసరమైన కబురును మామూలు స్థాయికి దిగజార్చినందుకు కంటకయ్యను ఉద్యోగంనుంచి తీసెయ్యాలని సూటయ్య కోరాడు. ఆయన మీదినుంచి ఇంకా తడిసిన మాంసం వాసన వస్తోంది.

రాజుగారు చాలాసేపు ఆలోచించారు. ఆయన ఆలోచించడం అరుదు గనక అందరూ ఊపిరి బిగబట్టారు.

"ఇంతకీ ఏ వరస ముందు వెళ్ళింది?"

"మామూలు వరసండి," అన్నాడు కంటకయ్య.

"అయితే ఈ రోజునుంచి మా ఆకులన్నీ అందులోనే పంపండి."

తెల్లారేసరికి ఏనుగులు ఎండుటాకుల కోసం చెట్లు ఊపుతున్నాయి. నెమళ్ళు పచ్చటాకులు బండల మీద పరిచి ఎండబెడుతున్నాయి. చారలయ్య ముందు నాలుగు వందల ఎండుటాకుల వరస నిలిచింది. పదికి ఒక్క విడత లెక్కన అది వినాయక చవితి దాటినా తరగదు. "ఇదేం నడకరా దేవుడా," అని ముసలాయన కీళ్ళు పట్టుకున్నాడు. ఎరుపు వరసలో ఒక్క ఆకు లేదు. ఏడు ఉడుతలు ఖాళీ నోళ్ళతో వరసగా మొద్దు దాటి వస్తున్నాయి.

బురదమ్మ తన రోజువారీ ఆకు తెచ్చింది. కంటకయ్య అటూ ఇటూ చూసి, కింద పడి ఉన్న గురివింద గింజ ఒకటి ఏరి దానికి అంటించాడు. "వాగు మామూలే" అన్న మాట అత్యవసరంగా, ఆ నిమిషంలోనే మొద్దు దాటింది.

నీతి: అందరూ ముందుండాలనుకునే చోట ఆఖరి వరసే అన్నిటికన్నా ముందు పోతుంది, ఆ సంగతి రాజుగారికి తెలియనంతవరకు.