మోకాలి మీద గురి

నాకు తుపాకీ అంటే భయం లేదు. అడవి పందంటే కూడా అంత భయం లేదు. దెబ్బ తిని చావకుండా పొదలో దూరిన పంది అంటే మాత్రం, మీ దగ్గర దాపరికం ఎందుకు, తలుచుకుంటేనే కాళ్లు చల్లబడతాయి.

మాది సబ్బవరం దాటి లోపలికి వెళ్తే వచ్చే ఊరు. ఉన్నది ఒక్క చెరకు తోట. ఈ ఏడు దాంట్లో సగం పందుల మంద నమిలేసింది. మందలో పెద్దది ఒకటుంది. పోర్టులో బొగ్గు ఎత్తినట్టు దుబ్బుకు దుబ్బే పైకి లేపుతుంది గనక దానికి క్రేను అని పేరు పెట్టాను. మిగతా సగం కూడా పోతే మా ఏడాది తిండి పోయినట్టే.

అటవీ శాఖ వాళ్లు వచ్చి చూసి, పంట తినే పందిని కొట్టడానికి అనుమతి ఇచ్చారు. పక్కన తెలిసిన మనిషి ఉండాలన్నారు. ఆ మనిషే శివరామకృష్ణ గారు. మిలిటరీలో చేసి వచ్చి కంచరపాలెంలో ఉంటున్నారు. ప్రతి మాటకీ ముందు "ఊపిరి వదులు" అంటారు గనక మా ఇంట్లో ఆయన ఊపిరి మాస్టారు.

తుపాకీ మా మేనమామది, జోడు గొట్టాలది. ఆయన పోయాక కూతురు సుధారాణి పేరు మీదికి వచ్చింది. సుధారాణి నా భార్య. లైసెన్సులో తోడుగా నా పేరూ ఎక్కించారు. ఎక్కించిన రోజు స్వీట్లు పంచాను. ఇప్పుడు అనిపిస్తోంది, పంచకుండా ఉండాల్సింది.

మాస్టారు మా వాకిట్లో నియమాలు చెప్పారు. పంది మనకి అడ్డంగా, కదలకుండా నిలబడాలి. దాని వెనక మట్టిగట్టు ఉండాలి, మనిషి ఉండకూడదు. ముందుకాలి వెనక ఒక్కటే దెబ్బ. అనుమానం ఉంటే కాల్చకూడదు. గాయంతో పారిపోతే, కాల్చినవాళ్లే నెత్తుటి చుక్కలు పట్టుకుని పొదలోకి వెళ్లి దాని బాధ తీర్చాలి.

కాల్చినవాళ్లే అన్నచోట నాకు ఆయన చెప్పకుండానే ఊపిరి పోయింది.

అప్పుడే నాకో ఉపాయం తట్టింది. గురి నిలవనివాడికి తుపాకీ ఇవ్వరు కదా.

సాధన ఖాళీ తుపాకీతో. గొట్టాల మీద రూపాయి బిళ్ల పెట్టి మీట నొక్కాలి, బిళ్ల పడకూడదు. నిలబడి పట్టుకున్నాను, పడింది. మోకాలి మీద కూర్చుని పట్టుకున్నాను, పడింది. రెండు కర్రలు కత్తెరలా నాటి వాటి మీద ఆనించినా పడింది. బోర్లా పడుకున్నప్పుడు కూడా పడేసరికి, మాస్టారు భూమి ఏమైనా కదిలిందేమోనని చుట్టూ చూశారు.

సుధారాణి గుమ్మంలోంచి అంతా చూస్తోంది.

"ఏటి బావా, టీ గ్లాసు నిండా పోసిత్తే వీధి సివర దాకా ఒక్క సుక్క ఒలకనీవు. ఇదేటి, ఇలా వణికిపోతన్నావు?"

"టీ వేరు, తుపాకీ వేరు."

"అవున్లే. టీకి కోరలుండవు."

చెయ్యి తుడుచుకుని వచ్చి తుపాకీ తీసుకుంది. కత్తిపీట ముందు కూర్చున్నట్టే ఒక కాలు మడిచి, ఒక మోకాలు లేపి, దాని మీద మోచెయ్యి ఆనించింది. రోజూ కూరలు తరిగే కూర్చోవడమే. మీట నొక్కింది. బిళ్ల అలాగే ఉంది. ఆ భంగిమలోనే, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి, చూడమని నాకు చెప్పింది. అప్పుడూ పడలేదు.

తుపాకీ ఆవిడకే అన్నారు మాస్టారు. నేను పైకి విచారించి, లోపల హాయిగా పాలు దించాను.

మధ్యాహ్నం అన్నం కలుపుతుంటే తట్టింది. దెబ్బ సరిగ్గా పడకపోతే పొదలోకి వెళ్లేది సుధారాణి. ముద్ద మళ్లీ కంచంలో పెట్టేశాను. ఈ పని మనకొద్దు అన్నాను.

"నాను మానేత్తే నువ్వెల్తావేటి?"

నేను ఆవకాయ వైపు చూశాను.

మర్నాడు తెల్లారాక తోటకి వెళ్లాం. నేను టీ కాచే పని ఎంచుకుని స్టవ్ కూడా తెచ్చాను. మాస్టారు నా చేతిలో డప్పు పెట్టారు. తోట అవతలి కొస నుంచి మెల్లగా తట్టుకుంటూ రావాలి, గట్టిగా కొడితే పందులు పరుగెడతాయి, పరుగెత్తే పందిని కాల్చకూడదు, నడిచి వచ్చి గట్టు దగ్గర నిలబడాలి అన్నారు. గురి లేనివాళ్లకి ఇచ్చే పని ఇదేనట. అందరికంటే పందికి దగ్గరగా ఉండే పని.

చెరకులో లోపలికి వెళ్తే ఆకాశం కనబడదు. ఆకులు చెవులు గీరుతున్నాయి. బురద వాసన. ఎక్కడో చెరకు నములుతున్న చప్పుడు. నా డప్పు కంటే నా పళ్లే గట్టిగా మోగుతున్నాయి. తుపాకీకి ఎదురు పడకుండా కుడి చేతివైపు ఉండమన్నారు మాస్టారు. భయంలో ఏది కుడో తెలియలేదు. తోట ఎడమ అంచున తేలాను.

చప్పుడు ఆగింది. ఆకులు విడిపోయి క్రేను బయటికొచ్చింది. చెయ్యి చాపితే అందేలా ఉంది. కోరలకి చెరకు పిప్పి వేలాడుతోంది.

పరుగెత్తమని కాళ్లకి చెప్పాను. అవి వినకుండా, ఒకటి మడుచుకుని నేల మీద ఆనింది. మోచెయ్యి మోకాలి మీద పడింది. డప్పు కర్ర క్రేను వైపు నిలిచిపోయింది. రెప్ప కూడా వెయ్యలేకపోయాను.

దాని అవతల, ఎదుటి గట్టు మీద సుధారాణి కనబడింది. పంది ఆవిడకి సరిగ్గా అడ్డంగా, కదలకుండా నిలబడింది. తుపాకీ భుజానికి ఎత్తింది. తరవాత నన్ను చూసింది. తుపాకీ దించేసింది.

క్రేను నన్ను చూసి, తనకి పనికిరాని దుబ్బు అనుకుందేమో, మందని వెంటబెట్టుకుని పక్క తుప్పల్లోకి నడిచి వెళ్లిపోయింది.

సుధారాణి వచ్చింది. వస్తూనే తుపాకీలోంచి తూటాలు తీసేసింది.

"అంత బాగా నిలబడితే కాల్చలేదేం?" అన్నాను.

"దాని ఎనకాల నువ్వున్నావు. సెరుకైతే మల్లీ ఏసుకోవచ్చు."



ఈలోగా మాస్టారు నా చుట్టూ తిరిగి చూస్తున్నారు. మడమ మీద బరువు, మోకాలికి ముందు మోచెయ్యి, ఒంట్లో వెంట్రుక కదలకపోవడం. ఇన్నేళ్లలో ఇంత నిలకడగా మోకాలి మీద గురి పట్టినవాణ్ణి చూడలేదన్నారు. అదీ పంది ఎదురుగా ఉండగా. రేపు తుపాకీ ఇతనికే అన్నారు.

నేను కాదనబోయాను. భయపడితే నా చేతులు వణకవు, బిగుసుకుపోతాయని చెప్పాలి. చెబితే వాకిట్లో వణికింది అబద్ధమని తేలుతుంది. తల ఊపాను.

సుధారాణి నా కళ్లలోకి చూసింది. అంతా తెలిసిన చూపు.

"డప్పు ఇలాగియ్యి బావా. రేపు నాను కుడేపు నించే మెల్లగా తోలుకొత్తాను. క్రేను తిన్నగా నీకాడికే వత్తాది."

నేనింకా మోకాలి మీదే ఉన్నాను. లేవలేకపోతున్నానని మాస్టారికి ఎవరూ చెప్పలేదు. తెలిసిన ఒక్క మనిషీ డప్పు భుజాన వేసుకుని, టీ కాయడానికి గట్టు మీదికి వెళ్లిపోయింది.