పెట్రోలు వాసన ఇంటికి శుభం!

నాకు అన్నిటికన్నా పెద్ద భయం, వెనక సీట్లో పాప నిద్రపోతుండగా కారు అంటుకోవడం. అయినా సరే, గుండె మీద చెయ్యేసుకుని చెబుతున్నాను. కారులో పెట్రోలు వాసన రావడం అదృష్టం!

నవ్వకండి. ఆ వాసన మొదలైన దగ్గర్నుంచి లిఫ్ట్ అడిగే చుట్టాలు లేరు. మా ఆడపడుచు ఒక్కసారి ఎక్కింది, రెండోసారి బస్సుకే దండం పెట్టింది. ఇంతకన్నా ఏం కావాలి?

నేను వాసన అన్నప్పుడల్లా మా ఆయన అద్దానికి ఒక్కో సెంటు సీసా వేలాడదీశారు. మొదట నిమ్మ, తర్వాత మల్లె, తర్వాత గులాబీ. రెండు నెలల్లో కారు పూలకొట్టు అయింది!

మామగారైతే, "బండన్నాక పెట్రోలు వాసన రాక పాల వాసన వస్తుందామ్మా?" అన్నారు.

"ఎనిమిదితో బడి మానేసినదానివి, నీకెందుకే ఇంజనీరింగు?" అన్నారు మా ఆయన.

నిజమే కదా! ముక్కుకు కూడా డిగ్రీ ఉండాలి.

మొన్న ఆదివారం బజారు నుంచి వచ్చీరాగానే, వాసన ఆయన ముక్కుకూ గుప్పుమంది. ఇంజిన్ సలసలా కాగుతుండగానే మా ఆయన కారు కిందకు దూరారు. "ఫోను చార్జింగ్‌లో ఉంది. ఓ కొవ్వొత్తి వెలిగించి తే!"

"తెస్తానండీ" అని పాపను చంకనేసుకుని వీధి చివర మెకానిక్ షెడ్డుకు పరుగెత్తాను.

మెకానిక్ బాబాయ్ వస్తూనే కేకేశాడు. "నిప్పు మాటెత్తకండి సార్! బయటికి రండి. ఇంజిన్ చల్లారాక, గాలి తగిలేచోట, టార్చితో చూడాలి. పైపులు మీరు ఊడదీయొద్దు, లోపల ప్రెజరుంటుంది."

ఇంజిన్ చల్లారాక చూస్తే, ట్యాంకు నుంచి పెట్రోలు ఆవిరిని, దాన్ని పీల్చుకునే బొగ్గు డబ్బాకు చేర్చే రబ్బరు పైపు బీటలు వారి ఉంది. పక్కనున్న పెట్రోలు పైపు కూడా తడితడిగా ఉంది.

"వాసన ఎప్పట్నుంచి సార్?"

"ఇవాళే తెలిసింది" అన్నారు మా ఆయన!

సాయంత్రానికల్లా ఆయన వీధి వీధంతా తిరిగి పైపుల గురించి ఉపన్యాసాలు. నేను చెబితే చాదస్తం, మెకానిక్ చెబితే శాస్త్రం. పైపులు రెండూ మార్చారు. కారులో ఇప్పుడు ఏ వాసనా లేదు. నన్ను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

అందుకే మీకో మనవి. మీ ఇంట్లో "ఏదో వాసనొస్తోంది" అని రెండుసార్లు చెప్పి, మూడోసారి నోరు మూసుకున్న మనిషి ఉంటే, ఈ పేపరు పక్కన పెట్టి, ఒక్కసారి వెళ్లి ఆవిణ్ని పలకరించి రండి.