మూడుసార్లు మారిన గుడ్లు

ఆ రోజు తెల్లవారేసరికి పులికాట్ సరస్సు మీద మబ్బు రెండుగా చీలి, మధ్యలో పలకంత వెలుతురు కనబడింది. గాలి దక్షిణం నుంచి తీరిగ్గా వస్తోంది. మద్రాసు నుంచి ఎగిరొచ్చే పావురానికి అది వెనకనుంచి తోసే గాలి. మాల్యాద్రి వాకిట్లో నిలబడి ఆ గాలిని మెడ మీద కాసేపు తగలనిచ్చాడు. "బాగుంది" అన్నాడు, ఎవరితోనూ కాదు.

ఆనాటి పని చిన్నదే. రెండు పావురం పిల్లలున్న బుట్టను సూళ్లూరుపేట స్టేషన్లో తొలి బండి గార్డుకు అప్పజెప్పాలి. ఆయన మద్రాసులో దిగి మూత తీస్తాడు. అవి యాభై మైళ్లు ఎగిరి ఇంటికి రావాలి. ముసలి జంట గూట్లో పెరిగిన పిల్ల కాలికి ఎర్రదారం, పడుచు జంట గూట్లో పెరిగినదానికి నీలిదారం. ఏది ముందు వాలితే దానిది గెలుపు. మాల్యాద్రి బుట్ట ఇచ్చి, ఎండెక్కకముందే తిరిగొచ్చేశాడు.

పందెం ఆరు నెలల నాటిది. మాల్యాద్రి దగ్గర పన్నెండేళ్ల పోతు పావురం ఒకటుంది. ఒకప్పుడు మద్రాసు పందెంలో పావురాలన్నిటినీ వెనక్కి నెట్టి వచ్చింది. దాని జత పెట్టకు తొమ్మిదేళ్లు. పక్క గూట్లోని పడుచు జంటతో పాటే ఆ జంట మళ్లీ గుడ్లు పెట్టిందని తెలిసి, అతని భార్య వెంకటశేషమ్మ వాళ్లన్న పద్మనాభయ్య గూటి ముందు చంకలో చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"ముసలోళ్లకు పుట్టిన పిల్ల కాలవ గూడా దాటదు బావా. రెక్కలో పసుండదు" అన్నాడు.

అని, వెనక్కి తిరిగి చూశాడు. వెంకటశేషమ్మ మేత గంప పట్టుకుని నిలబడి ఉంది. ఆమెకు ముప్పైతొమ్మిది, మాల్యాద్రికి నలభైఎనిమిది. పెళ్లయిన ఇరవయ్యేళ్లకు ఆమెకు నెల తప్పిన సంగతి ఇంట్లో అందరికీ తెలిసి అప్పటికి నాలుగు రోజులు. ఆ మాట విని ఆమె గంప దించి లోపలికి వెళ్లిపోయింది.

మాల్యాద్రి గూడు వైపు చూసి, "రెండు గూళ్ల పిల్లల్నీ ఎగరేసి చూద్దాం" అన్నాడు. "ఓడితే ఈ పోతును కామాక్షయ్య మామకిచ్చేస్తా."

కామాక్షయ్య ఆ ఊరి నాటు వైద్యుడు. వాతం మందులోకి పావురం మాంసం కావాలని మూడేళ్లుగా ఆ పోతు మీదే కన్నేసి ఉన్నాడు.

ఆపైన మాల్యాద్రి రెండు పిల్లలనూ తడ నుంచి, గుమ్మిడిపూండి నుంచి ఎగరేసి దారి మప్పాడు. ఎర్రదారం పిల్ల ఎగిరినప్పుడల్లా అతను ఊపిరి బిగబట్టేవాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. అడగకుండానే అందరికీ తెలుసు.

ఇప్పుడు పద్మనాభయ్య అరుగు మీద కూర్చుని ఆకాశం చూస్తున్నాడు. కామాక్షయ్య ఒళ్లో గుడ్డసంచీ పెట్టుకుని వక్క నములుతున్నాడు. ఎనిమిదో నెల పొట్టతో వెంకటశేషమ్మ గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

దక్షిణాన చుక్క కనబడింది. చుక్క పావురమై, రెక్కలు ముడిచి, గూటి చెక్క మీద టప్పున వాలింది. నీలిదారం.

మాల్యాద్రి లేచి గూట్లోంచి ముసలి పోతును తీశాడు. దాని వీపు ఒకసారి నిమిరి కామాక్షయ్య చేతిలో పెట్టాడు. కామాక్షయ్య సంచీ మూతి విప్పాడు.

"ఆగు పెదనాయనా" అంది వెంకటశేషమ్మ. "ఆ వచ్చింది ముసలిదాని పిల్లే. గుడ్లు నేను మార్చినా."

"ఏందీ?" అన్నాడు మాల్యాద్రి.

"ముసలి పెట్ట గుడ్ల మీద నిలకడగా కూర్చోకుండా లేస్తా ఉండింది. చల్లారిపోతాయేమోనని భయమేసింది. వాటిని పడుచుదాని కింద పెట్టి, దాని గుడ్లు దీని కింద పెట్టినా. నేను ఊరికే చూస్తా ఉండలేకపొయినా."

మాల్యాద్రి ఒక్క అంగలో వెళ్లి పోతును లాక్కున్నాడు. అతని మొహాన నవ్వు రాబోయింది. సరిగ్గా అప్పుడే పద్మనాభయ్య గొంతు సవరించుకున్నాడు.

"అట్లయితే ఓ మాట చెప్పాల బావా. నేను గూడా మార్చినా."

"నువ్వెందుకన్నా మార్చినావు?" అంది చెల్లెలు.

"ఆ పూట నోరు జారినా గదమ్మా. నీ మొహం చూసినాక రాత్రి కూడు దిగలా. ముసలి గూట్లో పడుచుదాని గుడ్లు పెడితే ఎర్రదారమే గెలుస్తాది, నీకు ధైర్యంగా ఉంటాది అనుకున్నా. నేను ఓడిపోదామనే చేసినా."

కామాక్షయ్య అరుగు మీద వక్కను ఒకపక్క, సున్నపుకాయను మరోపక్క పెట్టాడు. "వక్క ముసలి జంట గుడ్లు. సున్నపుకాయ పడుచు జంటవి. అమ్మాయి మార్చింది." రెండూ తారుమారు చేశాడు. "పద్మనాభం మార్చినాడు." మళ్లీ మార్చాడు. "ఎక్కడివి అక్కడికే వచ్చినాయి. గెలిచింది పడుచుదాని పిల్లే. పోతును ఇట్టియ్యి అబ్బాయా."

మాల్యాద్రి ఇచ్చాడు. కానీ వదల్లేదు. కాళ్లు కామాక్షయ్య చేతిలో, రెక్కలు మాల్యాద్రి చేతిలో ఉండగా పోతు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"మామా" అన్నాడు మాల్యాద్రి నేల చూస్తూ. "ఇంకోసారి మార్చు."

"ఎందుకు?"

"నేను గూడా మార్చినా."

పద్మనాభయ్య నోరు తెరిచాడు. "ముప్పైయేళ్లుగా పావురాలు పెంచేవాడివి. నీక్కూడా నమ్మకం లేకపోయెనా?"

"పావురం మీద ఉండింది" అన్నాడు మాల్యాద్రి. పోతు రెక్క సవరిస్తూ మళ్లీ, "అది రాకపోతే శేషమ్మ చూస్తాది గదా" అన్నాడు. అతను ఆ ఏడాదిలో ఒక్క గుక్కలో మాట్లాడిన పెద్ద మాటల్లో అదొకటి.

కామాక్షయ్య నిట్టూర్చి మూడోసారి మార్చాడు. ముసలి జంట వక్క నీలిదారం వైపు వచ్చి కూర్చుంది. నలుగురూ దాన్ని చూశారు. ముసలి జంటకు సాయపడాలని ముగ్గురూ ఒకరికి తెలియకుండా ఒకరు ఇంత దొంగతనం చేస్తే, ఆ జంట పిల్లే తన రెక్కల బలంతోనే ముందొచ్చి వాలింది.

"మామా, నువ్వేమన్నా మార్చినావా?" అన్నాడు మాల్యాద్రి అనుమానంగా.

"లెక్క నీకు సరి కావాల్నా, బేసి కావాల్నా?"

"బేసి."

"అయితే మార్చలా. నాకు మందులోకి కావాల్సింది పోతు, గుడ్లు కాదు." కామాక్షయ్య పోతు కాళ్లు వదిలేసి, ఖాళీ సంచీ మడిచి చంకలో పెట్టుకున్నాడు.

అప్పటికి ఎర్రదారం పిల్ల కూడా వచ్చి, తననెవరూ పట్టించుకోకపోవడంతో తానే గూట్లో దూరింది. వెంకటశేషమ్మ పొట్ట మీద చేయి వేసుకుంది. "మీ గోల విని వీడు గూడా తంతా ఉండాడు" అంది. "కాళ్లు బాగానే ఉన్నట్టుండాయి." మాల్యాద్రి తల పక్కకు తిప్పుకుని, కావలసినదానికంటే ఎక్కువసేపు పోతు మెడను నిమిరాడు.

ఎండ నడినెత్తికొచ్చింది. వెళ్లబోయిన కామాక్షయ్యను కూడా కూర్చోబెట్టి ఆమె నలుగురికీ విస్తళ్లు వేసింది. అన్నం, నిన్నటి చేపల పులుసు. పోతు తడికెలోంచి పుల్ల లాగి గూట్లోకి మోసుకుపోవడం అందరూ చూశారు. మళ్లీ గుడ్ల ఏర్పాటు మొదలైంది.

గూటికి ఈసారి తాళం వేయాలని నలుగురికీ ఒకేసారి తోచింది. తాళంచెవి ఎవరి దగ్గరుండాలో తేలక, అన్నం అయ్యేదాకా ఎవరూ నోరు విప్పలేదు.