నల్లబల్ల మీద తెల్ల బాధ్యతలు

బడికి నల్లబల్ల అక్కర్లేదు. కావలసింది బాధ్యతల పట్టిక!

నవ్వకండి. ఓర్వకల్లు దాటి, రాళ్లగుట్టల వెనక ఉన్న మా ఊరి హైస్కూలుకు ఒకసారి రండి. నేను చదివిన బడే. 'బడి బాగు, అందరి బాగు' అనే ప్రోగ్రామ్ వచ్చాక అక్కడ బాధ్యత లేని మనిషే లేడు. నాక్కూడా ఒకటి దొరికింది: పరిశీలకురాలు. చప్పుడు చేయకుండా ఒక మూల కూర్చుని అన్నీ చూడాలి. పుట్టినప్పటి నుంచి నేను చేస్తున్నది అదే కాబట్టి ట్రైనింగ్ కూడా అవసరం పడలేదు.

పాత రోజులు ఎంత ఘోరం! బడిలో ఏది పాడైనా హెడ్మాస్టర్ నాగార్జున గారు ఒక్కరే తిట్లు తినేవారు. ఇప్పుడు ఆ ప్రోగ్రామ్ కోసం వేసిన కమిటీ అంతా పంచుకుంటాం. మనిషికి అర తిట్టు కూడా వాటాకు రాదు. ఇది ప్రగతి కాదా?

మంచినీళ్ల సంగతే చూడండి. ట్యాంకు ఖాళీ అయిందని గమనించే బాధ్యత ఒకరిది. ఆయన గమనించారో లేదో గమనించే బాధ్యత మరొకరిది. ఇద్దరి గమనికలనూ సమన్వయం చేయడానికి ఒక ఉపసంఘం. నీళ్లు పట్టడం మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. ఎందుకంటే అది బాధ్యత కాదు, పని!

ఇన్ని బాధ్యతలు గాలిలో ఉంటే ఎలా? గోడకెక్కించాలని తీర్మానించాం. పెయింటర్ మహానందిని పిలిచి, పిల్లల కళ్లు ఎప్పుడూ ఎక్కడుంటాయో అక్కడ రాయమన్నాం.

"పిల్లోళ్ల కండ్లు ఎప్పుడూ యాడుంటాయి సార్?" అని అడిగాడు మహానంది.

"ఇంకెక్కడ? బోర్డు మీదే!" అన్నారు హెడ్మాస్టర్ గారు గర్వంగా, ఫోన్లోంచి తల ఎత్తకుండా.

చెప్పిన మాట దాటే మనిషి కాదు మహానంది. పదో తరగతి నల్లబల్ల మీద, ఈ చివర నుంచి ఆ చివర దాకా, తెల్ల ఆయిల్ పెయింట్‌తో అందరి బాధ్యతలూ రాసేశాడు. చుట్టూ మల్లెతీగ బార్డర్ కూడా వేశాడు. అది ఉచితం.

చెరిపేద్దామా అంటే అప్పటికే ఫొటో పై ఆఫీసుకు వెళ్లిపోయింది. పైన ఫొటోలో ఉన్నది కింద గోడ మీద మారడానికి వీల్లేదు కదా!

మరి పాఠం? లెక్కల టీచర్ శివపార్వతి గారు నడుము వంచి, నేల మీద పరిచిన కడప బండలపైనే సుద్దముక్కతో లెక్కలు చేయడం మొదలుపెట్టారు. నల్లటి బండలు, తెల్లటి అంకెలు, ఎంత శోభ! మగపిల్లలు టీచర్ వైపు కూర్చున్నారు, ఆడపిల్లలు ఎదురుగా. ఎదురుగా ఉన్నవాళ్లకు అన్నీ తలకిందులే. అబ్బాయిలకు 66 వచ్చిన చోట అమ్మాయిలకు 99 వస్తుంది. ఒకే లెక్కకు రెండు జవాబులు! ఇంత ఉదారమైన గణితం ఏ కార్పొరేట్ స్కూల్లో దొరుకుతుంది? త్రిభుజాలు శీర్షాసనం వేస్తాయి. వాటిని చూడటానికి పిల్లలు మెడలు తిప్పుతారు. యోగా పీరియడ్ కలిసొచ్చింది!

ఇంత బాగున్నా లాల్ బీకి నచ్చలేదు. ఆమె కూతురు గౌసియా ఆ పదో తరగతిలోనే ఉంది. మార్చి పరీక్షలో లెక్కలు గట్టెక్కితే కర్నూలులో ఇంటర్. లేకపోతే తల్లితో పాటు మిరపకాయల కోతకు. ఇంట్లో మాట అలా అయిపోయింది. అందుకే లాల్ బీ నేరుగా మీటింగ్‌కే వచ్చేసింది.

"ఏమప్పా గిడ్డయ్యా," అని కమిటీ చైర్మన్‌నే పట్టుకుంది. "నా బిడ్డ ఇంటికొచ్చి పుస్తకం తలకిందులు పెట్టుకోని సదువుతాండాది. ఇదేం సదువప్పా?"

"ఉండక్కా, తొందరపడద్దు. బోర్డు ఎవరి బాధ్యతో చూస్తాం."

అందరం లేచి పదో తరగతికి వెళ్లాం. మొదటి నుంచి మల్లెతీగ దాకా చదివాం. బోర్డు ఎవరి బాధ్యతో ఆ బోర్డు మీద ఎక్కడా లేదు!

"చూస్తివా, ల్యాదు!" అన్నాడు గిడ్డయ్య, నెత్తి మీద మూట దించుకున్నంత హాయిగా. "తల్లిదండ్రులు సహకరించాలని మాత్రం ఈడ రాసుండాది. నువ్వు సహకరించక్కా."

"శానా బాగుండాది. రేప్పొద్దున పరీక్షలో నా బిడ్డ 99 రాస్తే, పేపరు తిప్పి చూడమని దిద్దే సారుకు నువ్వు పొయ్యి చెప్తావా?"

చాలా లోతైన ప్రశ్న. వచ్చే మీటింగ్‌కు వాయిదా వేశాం.

లాల్ బీ వాయిదా వేయలేదు. ఆదివారం నల్ల పెయింట్ డబ్బా, కుంచె పట్టుకుని బడికి వచ్చింది. స్టూలెక్కింది. సాయంత్రానికల్లా మా బాధ్యతలన్నీ నల్లబడిపోయాయి! పరిశీలకురాలిగా నేను అక్కడే ఉన్నాను. నిష్పక్షపాతంగా పరిశీలిస్తూ ఉండగా, నా రెండు చేతులూ ఎలాగో వెళ్లి ఆ స్టూలును కదలకుండా పట్టుకున్నాయి.

పెయింట్ ఆరాక, సోమవారం శివపార్వతి గారు నడుము నిటారుగా పెట్టి పాఠం చెప్పారు. గౌసియా లెక్క చేసింది. అబ్బాయిలకు వచ్చిన జవాబే ఆమెకూ వచ్చింది. తరగతిలో వైవిధ్యం పోయింది!

అదే సాయంత్రం కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. ఎవరూ చెప్పకుండా, ఏ తీర్మానమూ లేకుండా, ఒక తల్లి అవసరమైన పనిని చూసి, తనే చేసేసింది. ఎంత ప్రమాదకరమైన ధోరణి! పాఠకులారా, మీ ఊళ్లోనూ ఓ కన్నేసి ఉంచండి. ఇలాంటివాళ్లను ఊరికొకరిని వదిలేసినా చాలు, ఏదో ఒక రోజు బడి నిజంగానే బాగుపడిపోతుంది.

అప్పుడు దాన్ని బాగుచేస్తున్న మేమంతా ఏమైపోవాలి?