ఎర్ర గడి

ఆ ఉదయం అల్లుడు వేసుకున్న పథకం చిన్నదే. నీళ్ల పైపు ఎక్కడ కారుతోందో కంప్యూటర్‌లో పట్టుకోవాలి, ఇంజినీరు గారికి చూపించాలి, ఆయన బల్ల మీద ఎప్పట్నుంచో నిద్రపోతున్న తన పర్మనెంటు ఫైలు మీద సంతకం పెట్టించుకోవాలి. అది కూడా కాకపోతే ఇంటికెళ్లి భార్యకు ముఖం ఎలా చూపించాలో అతనికే తెలియదు.

నీటి సరఫరా ఆఫీసులో అందరూ అతన్ని అల్లుడనే అనేవారు. గుంతలు తవ్వించే మేస్త్రీకి అతను సొంత అల్లుడు. మేస్త్రీ గొంతు పెద్దది కావడంతో ఆ పిలుపు ఆఫీసంతా పాకింది. పైపులకు బిగించిన మీటర్లు పంపే అంకెల్ని చదవడం అల్లుడి పని. ఊరినంతా గళ్లుగా కోసి, గడికో అంకె చొప్పున నీటి ఒత్తిడి రాసేవాడు. కంప్యూటర్‌లోని నోట్‌బుక్ నిండా ఆ అంకెలు చీమల బారులా నిలబడేవి. వాటిని చూసి చూసి అతని కళ్లు కారేవి గాని, కారే పైపు మాత్రం దొరికేది కాదు.

ఆ రోజు తను కోడు రాసుకునే ఎడిటర్‌కు కొత్త ఎక్స్‌టెన్షన్ ఒకటి తగిలించాడు. ఒక్క నొక్కు నొక్కగానే చీమల బారు కాస్తా రంగుల పటమైపోయింది. ఒత్తిడి బాగున్నచోట నీలం, పడిపోయినచోట ఎరుపు. పటమంతా నీలమే. పైన కుడి మూల మాత్రం ఒకే ఒక్క ఎర్ర గడి, నిద్ర చాలని కన్నులా. పటంలో పైన అంటే ఉత్తరం, ఆ మాత్రం చదువు అందరికీ ఉంటుంది. ఉత్తరం కొసన ఉన్నది ఎత్తు ప్రహరీల వీధి.

ఇంజినీరు గారు పటం చూశారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు.

"ఆ వీధేనా? సరిగ్గా చూశావా?"

"ఆ వీధే సార్."

"రంగుల బొమ్మలు కదయ్యా, ఒక్కోసారి తప్పుతాయేమో. కొన్నాళ్లు ఆగి చూద్దామా?"

ఆయన ఇల్లు కూడా ఆ వీధిలోనే. గుమ్మం ముందు దుమ్ము లేస్తుందని వెనకాడుతున్నారనుకున్నాడు అల్లుడు. ఆయన ఆగితే తన ఫైలూ ఆగుతుంది. అందుకని గొంతు పెంచి, కావాలంటే మామగారిని అడగమన్నాడు. మేస్త్రీ వెళ్లి ఇనుప కడ్డీ ఒక కొస రోడ్డుకూ రెండో కొస చెవికీ ఆనించాడు. చెవికి ఏమీ వినపడలేదు. కాని అవతల కూతురి సంసారం ఉంది.

"హోరుమంటోంది సార్. ఏరు పారుతున్నట్టే ఉంది" అన్నాడు.

కంప్యూటరూ చెవీ ఒకే మాట చెప్పాక ఇంజినీరు గారికి కాదనే దారి లేకపోయింది.

తవ్వకం మొదలైంది. మట్టి పొడిగా ఉంది, కూలీలు తుమ్ముతున్నారని మేస్త్రీ ఫోన్ చేశాడు. ఇంకాస్త తూర్పుకు పొమ్మన్నాడు అల్లుడు. పోయారు. అక్కడా దుమ్మే. గుంత కాస్తా కాలువైంది. కార్లు ప్రహరీల లోపలే చిక్కుకున్నాయి. పనికి అడ్డమని ఆ వీధి నీళ్లు కట్టేశారు. అంతదాకా నిక్షేపంలా నీళ్లొస్తున్న వీధిలో చుక్క లేకుండా చేసి, పని జోరుగా సాగుతోందని పైకి కబురు పంపారు. ఆఫీసు అన్నాక అంతే.

ఈలోగా ఫిర్యాదులు రాసుకునే గుమాస్తా వచ్చింది.

"దక్షిణం వీధి నుంచి ఒకటే ఫోన్లండీ అల్లుడు గారూ. చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తున్నారట."

"అక్కడంతా నీలమేనండీ. ఎవరో కుళాయి కట్టేయడం మరిచి ఉంటారు."

ఆవిడ ఫోన్లో అదే చెప్పింది. అవతలివాళ్లు తిరిగి ఏమన్నారో మాత్రం, మర్యాదస్తురాలు కాబట్టి చెప్పలేదు. మళ్లీ వచ్చి ఈసారి కదలకుండా నిలబడింది. కళ్లారా చూపిస్తే గాని వదలదని అల్లుడు మౌసును ఎర్ర గడి మీదికి తీసుకెళ్లాడు. గడి పక్కన చిన్న పెట్టె తెరుచుకుంది. అందులో, మొదటి వరుస అని ఉంది.

అల్లుడు తెర దగ్గరికి వంగి మళ్లీ చదివాడు. ఆ వరుసలు పేర్చింది తనే. పంపుహౌసు దక్షిణాన ఉంది కాబట్టి దక్షిణం వీధితో మొదలుపెట్టి ఉత్తరానికి పోయాడు. ఎక్స్‌టెన్షన్‌కు ఈ ఊరి దిక్కులేం తెలుసు? ఏ పట్టికలోనైనా వేసినట్టే మొదటి వరుసను పైన వేసింది. ఊరు శీర్షాసనం వేసి నిలబడితే, తను దాని పాదాల్ని తల అనుకున్నాడు.

సంతకం మాట దేవుడెరుగు, ఉన్న పని ఉంటే చాలనుకుంటూ ఉత్తరం వీధికి పరిగెత్తాడు. మేస్త్రీ కాలువలో గోనెపట్టా ఒకటి కప్పి దానిమీద నిలబడి ఉన్నాడు. అల్లుణ్ని దగ్గరికి లాక్కుని చెవిలో ఊదాడు: ఏ ప్లానులోనూ లేని పైపొకటి బయటపడిందట, దానికి మీటరు లేదట, అది పెద్ద పైపు నుంచి తిన్నగా ఇంజినీరు గారి గేటు కిందికి పోయిందట. అల్లుడికి సగమే బుర్రకెక్కింది. చెప్పాల్సింది చెప్పేస్తే బరువు దిగుతుందని గేటు దగ్గర చెమటలు కక్కుతున్న ఇంజినీరు గారి ముందుకెళ్లాడు.

"సార్, తప్పు నాదే. పటం తలకిందులుగా చూశాను. ఇక్కడ తవ్వాల్సిన పనే లేదు. లీకు దక్షిణం వీధిలో ఉంది."

ఇంజినీరు గారు అతన్ని కన్నార్పకుండా చూశారు. ఆయన కళ్లు చెమ్మగిల్లాయి.

"అలాగే రాసివ్వు. ఒక్క అక్షరం మార్చకు. పైవాళ్లను నేను నమ్మిస్తాను."

"నమ్మించడం కాదు సార్, నిజంగానే..."

"నిజంగానే. అదీ, అలాగే అనాలి. ఈ గొంతే ఉంచుకో."

కాలువ ఎంత నెమ్మదిగా తవ్వారో అంత తొందరగా పూడ్చేశారు. దక్షిణం వీధిలో గునపం దించగానే నీళ్లు మనిషెత్తు లేచాయి. "ఏం కథ అల్లావయ్యా అల్లుడూ" అని మామగారు భుజం తట్టాడు. కాదు మామగారూ అని అతను మొదలుపెడితే, నా దగ్గర కూడానా అని కన్ను గీటాడు. మర్నాడు ఫైలు మీద సంతకం పడింది. సమయస్ఫూర్తి గల ఉద్యోగి అని పక్కనే రాశారు.

ఉద్యోగంలో చేరాక అల్లుడు పై అధికారికి ఉన్నదున్నట్టు చెప్పిన మాట అదొక్కటే. దానికే, ఆఫీసులో అంత చక్కటి అబద్ధం ఇంతవరకు ఎవరూ ఆడలేదని పేరొచ్చింది.