ఏడో అంతస్తు లిఫ్టుపై నా దండయాత్ర

మార్చి మాసాంతపు శుక్రవారమున, బ్యూనస్ ఐరిస్ మహానగరమున, ఏడవ అంతస్తు గృహమున ఉన్నవారెవరనగా: నడుము పట్టేసి సోఫాకంటుకున్న సెవెరో బాబాయి, దారిలోకి రొట్టెలు మూటగడుతున్న ప్రిమితీవా పిన్ని, అద్దము వదలని వారి పుత్రికారత్నము దెల్ఫీనా, తాడు బిగించిన నా పెట్టె, దాని పక్కన సబీనానగు నేను. నేను వారింటికి వచ్చి మూడు నెలలు ముగిసినవి. మధ్యాహ్నపు బస్సుకు బొలీవియాలోని మా కొండ ఊరికి నా తిరుగు ప్రయాణము.

కానీ లిఫ్టుతో నా వైరము తీరలేదు. వచ్చిననాడే దాని లోపలి జాలీ తలుపు బెత్తెడు సందు వదిలి దిగితిని. లోపలి జాలీ, బయటి తలుపు రెండూ బిగియనిదే అంగుళమైనా కదలని ఆ లోహపంజరము పైనే శిలయై నిలువగా, నాలుగవ అంతస్తు నుండి ప్రళయమేఘగర్జన వలె, అచట కాపురముండు నెలీదా అమ్మగారి, ఇచ్చటి పిలుపున దోన్యా నెలీదా, కంఠము పైకెగసెను.

"లిఫ్ట్! ఎవరే ఆ తలుపు వెయ్యని మహాతల్లి? గొర్రెల దొడ్డనుకున్నావా?"

నాటి నుండి నా పేరు 'తలుపు వెయ్యని పిల్ల'. నాటి నుండి నాకు మెట్లే గతి. ఆ బిరుదుతోనే ఊరు చేరుటయా?

లిఫ్టులో పెట్టెతో పాటు ఒక్కరికే చోటు. దెల్ఫీనా నవ్వింది.

"పెట్టె నేను దించుతాలే, కొండమేకా! నీకు అలవాటేగా, మెట్ల మీద గెంతుకుంటూ పో."

'ఓసి దర్పణవిలాసినీ! శత్రువుకు వెన్నుచూపి నగరము వీడుదునా? నేడు అదియో, నేనో!' అని నా హృదయము గర్జించెను. నోరు మాత్రం, "వద్దక్కా... నేనే తీసుకెళ్తా," అన్నది.

వసారాలో దోన్యా నెలీదా నిలిచియుండెను. నా ప్రయాణవార్త విని, లిఫ్టుకు కాపలాగా పైకి వచ్చినదట.

పెట్టెతో లోనికి చొచ్చి జాలీ లాగితిని. అదే బెత్తెడు సందు! మరల లాగితిని. కిర్రుమన్నది, రాలేదు. దోన్యా చేతులు కట్టుకొని చూచుచుండెను. చెవులు కాలిపోయినవి.

అప్పుడు మెరుపు వలె స్ఫురించెను. ఆ మెట్లు పంజరము చుట్టూ తిరుగును గదా! తొంభై దినములు ఎక్కుచు, దిగుచు, ఊచల సందుల నుండి ఎందరి చేతులు చూడలేదు? అందరూ లాగుటకు ముందు జాలీని వీసమంత పైకెత్తుదురు. ఎత్తితిని. లాగితిని.

టక్!

దోన్యా కనుబొమలు లేచినవి. "ఎవరు నేర్పారే నీకు?"

"మెట్లు, దోన్యా."

ఆ వజ్రకఠోర వదనమున నవ్వు మొలిచెను. జయము! జయము! బెత్తెడు సందుపై సంపూర్ణ విజయము!

"సరే సబీనా, లిఫ్టులోనే కిందికి పో. కింద తలుపు తీసి వదిలేశావో, నీ బస్సు వెనకాల పరిగెత్తుకొస్తా!"

అని, ధడేలుమని నా ముఖము మీదనే బయటి తలుపు వేసెను.